కుండలో దొంగ, బల్ల మీద పంది: ఆత్మ చిరునామా కోసం వెతుకులాట

కోసల దేశంలో సేతవ్య అనే పట్టణానికి అధిపతి పాయాసి. చచ్చాక మిగిలేదేమీ లేదని ఆయన వాదం. వాదించి ఊరుకోలేదు, పరీక్ష పెట్టించాడు. మరణశిక్ష పడిన దొంగను బతికుండగానే పెద్ద కుండలోకి దించి, మూతికి పచ్చితోలు కప్పి, దాని మీద తడిమట్టి మందంగా మెత్తి, పొయ్యి మీద పెట్టించాడు. లోపలివాడు చనిపోయాడనుకున్నాక కుండ దింపించి, మూత కొద్దికొద్దిగా తొలగిస్తూ జీవుడు బయటికొస్తాడేమోనని కాపు కాశాడు. ఏమీ రాలేదు. ఇంకో దొంగను ముందు తూయించాడు, ఒంటికి గాయం కాకుండా వింటినారితో గొంతు బిగించి చంపించాడు, మళ్లీ తూయించాడు. బతికున్నప్పుడు తేలిగ్గా, మెత్తగా ఉన్నవాడు చచ్చాక బరువెక్కి బిగుసుకుపోయాడని తేల్చాడు. బౌద్ధుల దీఘనికాయంలోని 23వ సుత్తంలో ఇదంతా ఉంది.

రెండు వేల ఏళ్లు దాటాక అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం, హేవర్‌హిల్ పట్టణంలో డంకన్ మెక్‌డూగల్ అనే డాక్టరు అదే తూకం మళ్లీ వేశాడు. తూకపు బల్ల మీద మంచం అమర్చి, చావుకు దగ్గరైన ఆరుగురు రోగులను ఒక్కొక్కరిగా దాని మీద పడుకోబెట్టాడు. మొదటి మనిషి చనిపోయినప్పుడు ముప్పావు ఔన్సు, అంటే సుమారు 21 గ్రాములు తగ్గిందని 1907లో ప్రకటించాడు. ‘ఆత్మ బరువు 21 గ్రాములు’ అని నేటికీ తిరుగుతున్న మాట ఆ ఒక్క మనిషిదే. మిగిలిన ఐదుగురిలో ఇద్దరి లెక్కలను తూకం సరిగా కుదరలేదని ఆయనే పక్కన పెట్టాడు. తక్కిన ముగ్గురిలో ఇద్దరి లెక్కలైనా ఒకదానికొకటి పొసగలేదు. ఆ తూకం గుర్తుపట్టగల కనీస తేడాయే ఔన్సులో ఐదో వంతు. పైగా ప్రాణం పోయిన క్షణం ఇదీ అని సెకనుతో సహా చెప్పడం అప్పట్లో ఎవరి తరమూ కాదు. పదిహేను కుక్కల్ని కూడా తూచి, వాటికి బరువు తగ్గలేదు కాబట్టి కుక్కలకు ఆత్మ లేదన్నాడు. అగస్టస్ క్లార్క్ అనే తోటి వైద్యుడు వెంటనే తప్పు పట్టుకున్నాడు. ఊపిరి ఆగగానే ఊపిరితిత్తులు రక్తాన్ని చల్లబరచడం ఆగిపోతుంది, ఒళ్లు వేడెక్కి చెమట పడుతుంది, చెమట ఆవిరైతే బరువు తగ్గుతుంది. కుక్కలకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు.

ఒకరి దొంగ బరువెక్కాడు, ఇంకొకరి రోగి తేలికయ్యాడు. తూకం తప్పిందనుకుని వదిలేయొచ్చు. కానీ అసలు చిక్కు తక్కెడలో లేదు. దేన్ని తూస్తున్నామన్నది ముందే తేల్చుకోకపోవడంలో ఉంది.

తెలుగులో ప్రాణం, మనసు, జీవుడు అని మూడు మాటలున్నాయి. ఒంటిని బతికించి ఉంచేది ప్రాణం. చూసేది, తలచేది, చెయ్యి ఎత్తమంటే ఎత్తించేది మనసు. ఒళ్లు కాలిపోయాక మిగులుతాడనుకునేవాడు జీవుడు. మామూలు మాటల్లో మనం వీటిని కలపం. ‘ప్రాణం బాగోలేదు’, ‘మనసు బాగోలేదు’ ఒకటి కావని చిన్నపిల్లలకీ తెలుసు. వాదన మొదలవగానే మాత్రం మూడింటినీ ఆత్మ అనే ఒకే మూటలో కట్టేస్తాం. గ్రీకువారి ‘ప్సూఖే’ అనే మాట మొదటినుంచీ అలాంటి మూటే. ఆత్మ గుండెలో ఉందా, మెదడులో ఉందా, ఎక్కడా లేదా అన్న పాత తగాదాలో ఒకరు ప్రాణం గురించి చెప్పిన జవాబును ఇంకొకరు జీవుడికి అంటగట్టడమే ఎక్కువ కనిపిస్తుంది. ఎవరు ఏ పరీక్ష చేశారో, అది ఈ మూడింటిలో దేనికి తగిలిందో చూసుకుంటూ పోతే చాలా చిక్కుముడులు వాటంతటవే విడిపోతాయి.

మొదట గుండె. ఈజిప్టులో శవాన్ని మమ్మీ చేసేటప్పుడు ముక్కులోంచి ఇనుప కొక్కెం పోనిచ్చి మెదడు లాగేసేవారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. గుండెను మాత్రం ఒంట్లోనే ఉంచేవారు, పరలోకంలో న్యాయదేవత ఈకతో తూగాల్సింది అదే కాబట్టి. అలాగని మెదడు సంగతి వాళ్లకు బొత్తిగా తెలియదనుకుంటే పొరపాటు. క్రీ.పూ. 1600 ప్రాంతపు ఎడ్విన్ స్మిత్ పపైరస్‌లో 48 గాయాల కేసులున్నాయి. పుర్రె పగిలినవాడి మెదడు ముడతలను కరిగిన రాగి మీద లేచే మడతలతో పోల్చిందీ, కణత దగ్గర దెబ్బ తగిలినవాడికి మాట పడిపోయిందని రాసిందీ అందులోనే. గాయానికి కట్టు కట్టే వైద్యుడి చేతిలో ఒక జ్ఞానం, శవాన్ని సాగనంపే పూజారి చేతిలో ఇంకో జ్ఞానం. రెండూ ఎదురుపడలేదు.

అరిస్టాటిల్ గుండె పక్షం వహించడాన్ని ఇప్పుడు నవ్వుతూ చెబుతారు. ఆయన కారణాలు చూస్తే నవ్వు రాదు. కోడిగుడ్డును రోజుకొకటి చొప్పున పగలగొట్టి చూస్తే మూడో రోజుకు కనిపించేది ఎర్రటి చుక్కలా కొట్టుకునే గుండె. మెదడు లేనట్టు కనిపించే చిన్న ప్రాణులకూ స్పర్శ తెలుస్తుంది. బతికున్న జంతువు మెదడును ముట్టుకుంటే దానికి ఏమీ తెలియదు. తనకే స్పర్శ లేని అవయవం ఒళ్లంతటికీ స్పర్శ ఎలా ఇస్తుంది? ఈ మూడోది అచ్చంగా నిజం. రోగిని మెలకువలో ఉంచి మెదడు ఆపరేషన్ చేయగలుగుతున్నది అందుకే; 2017లో గుంటూరులో ఒక పేషెంటుకు సినిమా చూపిస్తూ అలా చేశారు. అరిస్టాటిల్ చూసింది సరే, దాన్నుంచి తీసిన అర్థమే తప్పింది. మెదడు పని రక్తాన్ని చల్లబరచడం అనుకున్నాడు.

అయినా ఆయన ‘ఆత్మ’ ఎక్కడో కూర్చుని ఉండే వస్తువు కాదు. కన్ను ఒక ప్రాణి అయితే చూపు దాని ఆత్మ అయ్యేదంటాడు. గొడ్డలికి ఆత్మ ఉంటే అది నరకగల శక్తే. పదును పోతే గొడ్డలిలోంచి ఏదీ ఎగిరిపోదు. అది ఇక పేరుకే గొడ్డలి. ఇది ప్రాణం అన్న ప్రశ్నకు జవాబు. ఆయన గురువు ప్లేటోది వేరే దారి: బుద్ధి తలలో, పౌరుషం రొమ్ములో, ఆకలీ కోరికలూ పొట్టలో, తలకూ రొమ్ముకూ మధ్య మెడ ఒక సన్నటి దారి. చావు తర్వాత మిగిలేది తలలోని భాగం ఒక్కటే. అంటే మనసునూ జీవుడినీ కలిపి తలలో పెట్టాడు.

మన దగ్గర కూడా మొదటి ఓటు గుండెకే. హృదయం చేతనకు స్థానమని సుశ్రుత సంహిత చెబుతుంది. అది తలకిందులైన తామరమొగ్గలాంటిదట, మెలకువలో విచ్చుకుని నిద్రలో ముడుచుకుంటుందట. శవపరీక్ష చేసే పద్ధతి కూడా ఆ గ్రంథంలోనే ఉంది. విషంతో గానీ దీర్ఘరోగంతో గానీ చావని దేహాన్ని తీసుకోవాలి. పేగుల్లోని మలం తీసేయాలి. గడ్డీ నారా చుట్టి, బోనులాంటి దానిలో పెట్టి, పారే నీళ్లలో మరుగైన చోట ఏడు రాత్రులు నాననివ్వాలి. తర్వాత వట్టివేళ్లు, వెంట్రుకలు, వెదురుతో చేసిన కుంచెతో మెల్లగా రుద్దుతూ చర్మం మొదలుకుని ఒక్కో పొరా తీస్తూ చూడాలి. ఎముకలూ కండరాలూ కీళ్లూ చూడటానికి ఇది భేషైన పద్ధతి. మెదడుకు మాత్రం శత్రువు. చచ్చాక అన్నిటికంటే ముందు మెత్తబడి జావయ్యే అవయవాల్లో అదొకటి. ఏడు రోజులు నానిన పుర్రెలో చూడటానికి మిగిలేది గుజ్జు. చూసే పద్ధతే కొన్నిటిని దాచేస్తుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తోచదు.

దీనికి పూర్తి విరుద్ధమైన మాట చెప్పిన ఆయుర్వేద గ్రంథం ఒకటుంది, భేల సంహిత. ఉన్మాదం గురించి చెప్పేచోట, మనసు ఉండేది తలకూ అంగిలికీ మధ్య అంటుంది. చిత్తాన్ని మాత్రం హృదయంలో ఉంచుతుంది. వాత, పిత్త, కఫ దోషాలు తలలోని మనసును ముందు చెరుపుతాయి, తర్వాత చిత్తం, ఆపైన బుద్ధి చెడతాయి. పిచ్చి పట్టే క్రమం అదీ. ఈ పుస్తకం మనదాకా వచ్చిన దారి తెలుగువాళ్లకు ఆసక్తి కలిగించేది. తంజావూరు రాజుల గ్రంథాలయంలో 17వ శతాబ్దపు ప్రతి ఒకటి, అదీ అక్కడక్కడా శిథిలమై, మిగిలింది. అది తెలుగు లిపిలో ఉంది. తంజావూరులో తెలుగు ఏలిన రోజుల్లో ఆ లేఖకుడు కూర్చుని రాయకపోతే, మనసుకు తలే స్థానమన్న ఆ మాట మనకు తెలిసేదే కాదేమో.

మన దార్శనికులు గుండెనా తలనా అన్న తగాదా కంటే కొలత మీద ఎక్కువ కొట్టుకున్నారు. కఠోపనిషత్తు లోపల ఉండే పురుషుడిని, అంటే ఆత్మను, బొటనవేలంత అంటుంది. జైనులు ఒళ్లు ఎంతో జీవుడు అంత అంటారు, దీపం వెలుగు చిన్న గదిలో చిన్నదిగా, పెద్ద గదిలో పెద్దదిగా పరుచుకున్నట్టు. న్యాయదర్శనం చెప్పే నైయాయికులకు ఆత్మ అంతటా నిండినది, మనస్సు మాత్రం అణువంత. ఎందుకంత చిన్నది? ఒకే క్షణంలో రెండు విషయాలు ఎరుకకు రావు కాబట్టి. కన్ను, చెవి, ముక్కు అన్నీ తెరిచే ఉన్నా, మనస్సు ఒకసారికి ఒక ఇంద్రియాన్నే తాకగలిగితేనే ఇది కుదురుతుంది. చార్వాకులు ఆత్మనే కొట్టేశారు. పిండికీ నీళ్లకూ విడిగా మత్తు లేదు, కలిపి పులియబెడితే వస్తుంది. మట్టి, నీరు లాంటి భూతాలు కలిసినప్పుడు చైతన్యం అలాగే పుడుతుందన్నారు. మరి శవంలోనూ అవే భూతాలున్నాయిగా, అక్కడ చైతన్యమేదీ అని ఎదుటివాళ్ల ప్రశ్న. గమనించాల్సింది ఏమిటంటే, ప్రాణమూ మనస్సూ ఆత్మా వేరువేరని ఇక్కడివాళ్లు పేర్లతో సహా ముందే విడదీసుకున్నారు. కోసి చూసిన చేతులూ ఇలా వాదించిన నోళ్లూ మాత్రం ఒకచోట చేరలేదు.

చేరింది రోమ్‌లో, గాలెన్ అనే వైద్యుడి బల్ల మీద. ఆయన పుట్టింది క్రీ.శ. 129లో. అప్పటికి స్టోయిక్ తత్వవేత్తలది పైచేయి. వాళ్లలో పెద్దవాడు క్రిసిప్పస్ వాదం ఇది: మాట బుద్ధిలోంచి వస్తుంది, మాట రొమ్ములోంచి వస్తుంది, కాబట్టి బుద్ధి రొమ్ములో ఉంది. గ్రీకులో నేను అనడానికి ‘ఎగో’ అంటే గడ్డం కిందికి, రొమ్ము వైపు దిగుతుందని కూడా సాక్ష్యం చూపించాడు. (‘నేను’ అంటూ రొమ్ము మీద చెయ్యి వేసుకునే మన అలవాటు ఆయనకు తెలిస్తే ఎంత మురిసిపోయేవాడో.)

గాలెన్ జవాబు ఒక పంది. గట్టిగా అరిచే జంతువు కావాలి, పందిని మించింది లేదు. కోతినైతే బల్ల మీద కోసేటప్పుడు దాని ముఖం చూడలేమని ఆయనే రాశాడు. పందిని వెల్లకిలా కట్టి, మెడ కోసి, గాలిగొట్టానికి రెండు పక్కలా పోయే దారాల్లాంటి నరాలను బయటికి తీస్తాడు. వాటి కింద సూదితో దారం పోనిచ్చి వదులుగా ఉంచుతాడు. పంది అరుస్తూనే ఉంటుంది. దారం బిగిస్తాడు. పంది తన్నుకుంటూనే ఉంటుంది, ఊపిరి పీలుస్తూనే ఉంటుంది, గొంతు మాత్రం ఆగిపోతుంది. దారం వదులు చేస్తే మళ్లీ అరుపు. ఒక పక్కే బిగిస్తే గొంతు పూర్తిగా పోదు, రెండు పక్కలా బిగించాలి. దారం మరీ గట్టిగా లాగితే నరం నలిగిపోయి, విప్పినా గొంతు తిరిగి రాదు. అలా జరిగితే చూడవచ్చినవాళ్లకు అరుపు వెనక్కి తెచ్చి చూపే అవకాశం పోతుంది.

ఈ నరాల దారి విచిత్రంగా ఉంటుంది. మెదడు నుంచి బయల్దేరి, గొంతు దాటి రొమ్ములోకి దిగి, ఎడమది గుండె దగ్గరి మహాధమని కింద, కుడిది భుజం వైపు వెళ్లే ధమని కింద మెలిక తిరిగి, మళ్లీ పైకి గొంతుకొస్తాయి. మాట రొమ్ములోంచి వస్తుందన్న క్రిసిప్పస్‌కు ఇది చిన్న ఊరట కావొచ్చు. కానీ పుట్టుక మెదడులో. మెడలోని పెద్ద రక్తనాళాలు కట్టేస్తే జంతువు మూగబోతుందని అంతకుముందు కొందరు చెప్పేవారు. గాలెన్ దాని గుట్టూ విప్పాడు: వాళ్లు రక్తనాళంతో పాటు దాన్ని ఆనుకుని ఉన్న నరాన్నీ కలిపి కట్టేశారు. రక్తనాళాన్ని ఒక్కదాన్నే విడదీసి కడితే గొంతు పోదు. ‘నరం’ అన్న తెలుగు మాటను మనం చేతి మీద ఉబ్బిన రక్తనాళానికీ వాడేస్తాం. గ్రీకు ‘న్యూరాన్’ కూడా ముందు కండరాల దగ్గరి స్నాయువుకు పేరు. మాటల్లో కలిసిపోయినవి దారం ముడిలోనూ కలిసిపోయాయన్నమాట.

ఇంకో పరీక్ష దీనికంటే లోతైంది. జంతువు పుర్రె తెరిచి, మెదడులో ద్రవం నిండే గదులను ఒక్కొక్కటిగా నొక్కాడు. ముందు గదులు నొక్కితే కొద్ది మగత, వెనకది నొక్కితే పూర్తి మొద్దుతనం. నొక్కడం ఆపితే తేరుకునేది. గుండెను పట్టుకుని నొక్కినా జంతువు అరుస్తూ తన్నుకుంటూనే ఉండేది. గదిని కోసి తెరిచినప్పుడు కూడా స్పృహ పోయి, కోత మూసుకోగానే తిరిగి వచ్చేది. దీన్నుంచి ఆయన తీసిన తర్కం చూడండి. గదుల్లో ఉండే సూక్ష్మవాయువే ఆత్మ అయితే, గది కోసి అది బయటికి పోయినప్పుడు జంతువు చావాలి. చావలేదు, స్పృహ పోయి మళ్లీ వచ్చింది. కాబట్టి ఆ వాయువు ఆత్మ కాదు, ఆత్మ చేతిలోని పనిముట్టు. మరి ఆత్మ ఏమిటి, చచ్చాక ఉంటుందా అంటే తనకు తెలియదన్నాడు. మనసు ఎక్కడినుంచి పని చేస్తుందో కచ్చితంగా తేల్చినవాడు జీవుడి జోలికి పోలేదు. ఆ నిగ్రహం తర్వాతివాళ్లకు అబ్బలేదు.

తర్వాతి వెయ్యేళ్లకు పైగా ఆ గదులే ఆత్మ కొలువుకూటాలయ్యాయి. 4వ శతాబ్దం చివర నెమీసియస్ అనే బిషప్పు ముందు గదికి ఊహ, నడిమి గదికి ఆలోచన, వెనక గదికి జ్ఞాపకం అని పంచాడు. పారశీక వైద్యుడు ఇబ్న్ సీనా దాన్ని ఐదు అంతరింద్రియాలుగా పెంచాడు. పరీక్షలు ఆగాయి, పటాలు మిగిలాయి. లియొనార్డో డా విన్సీ కూడా మొదట్లో వరుసగా మూడు గుండ్రటి గదులు గీసినవాడే. తర్వాత ఎద్దు మెదడులో గాలి పోవడానికి రెండు రంధ్రాలు పెట్టి, పిచికారీతో కరిగిన మైనం ఎక్కించి, గట్టిపడ్డాక మెదడు తొలగించి చూస్తే అసలు ఆకారం బయటపడింది. గుండ్రటి గదులు లేవు. అయినా ఊహ, ఆలోచన, జ్ఞాపకం అన్న పేర్లను ఆ అచ్చు మీదే మళ్లీ రాసుకున్నాడు. 1543లో శరీరశాస్త్రవేత్త వెసాలియస్ ఇంకో దెబ్బ కొట్టాడు: ఆ సూక్ష్మవాయువు తయారయ్యే చోటని గాలెన్ చెప్పిన రక్తనాళాల వల ఎద్దులో, గొర్రెలో ఉంది గానీ మనిషిలో లేదు. తాను కూడా పాఠం చెప్పేటప్పుడు మనిషి తల పక్కన గొర్రె తలో ఎద్దు తలో పెట్టుకుని ఆ వల చూపించేవాడినని సిగ్గుపడుతూ ఒప్పుకున్నాడు.

ఇక 17వ శతాబ్దపు ఫ్రెంచి తత్వవేత్త డేకార్ట్. ఆయన పేరు చెప్పగానే పీనియల్ గ్రంథి గుర్తొస్తుంది. అసలు కోత వేరేచోట ఉంది. ఆత్మ వెళ్లిపోయినందుకు ఒళ్లు చావదు, ఒళ్లు పాడైనందుకే ఆత్మ వెళ్లిపోతుందని 1649 నాటి పుస్తకంలో రాశాడు. బతికున్న ఒంటికీ శవానికీ తేడా నడిచే గడియారానికీ విరిగిన గడియారానికీ ఉన్న తేడాయే. ఒక్క వాక్యంతో ఆత్మ నుంచి ప్రాణం పనిని పూర్తిగా పీకేశాడు. పాయాసీ మెక్‌డూగలూ చావు క్షణంలో ఏదో బయటికి పోవడం చూడాలనుకున్నారు. డేకార్ట్ లెక్కలో ఆ కాపలాకు అర్థమే లేదు.

మిగిలింది మనసు పని. కళ్లు రెండు, చెవులు రెండు, మెదడు భాగాలూ జంటలే, కనిపించేది మాత్రం ఒక్క దృశ్యం. రెండూ కలిసే చోటు ఒంటరిదై ఉండాలి. మెదడు నడుమ కందిగింజంత ఉండే పీనియల్‌కు జంట లేదు. నరాలు గొట్టాలు, వాటిలో సూక్ష్మద్రవం పారుతుంది. ఆత్మ ఆ గ్రంథిని అటూ ఇటూ వంచి ద్రవాన్ని కావలసిన గొట్టంలోకి మళ్లిస్తుంది. అది కండరాన్ని ఉబ్బిస్తుంది, చెయ్యి లేస్తుంది.

దీనికి మూడు వైపుల నుంచి మూడు దెబ్బలు తగిలాయి. 1643 మేలో బొహీమియా రాకుమారి ఎలిజబెత్ ఉత్తరం రాసింది: నెట్టాలంటే తాకాలి, తాకాలంటే ఆకారం ఉండాలి, ఆకారమే లేని ఆత్మ ఒంటిని ఎలా నెడుతుంది? ఉత్తర ప్రత్యుత్తరాలు సాగాయి. ఆత్మా దేహమూ కలిసి ఉండటం తర్కంతో కాక, మామూలు బతుకులో, నలుగురితో మాట్లాడుకోవడంలో తెలుస్తుందని డేకార్ట్ చివరకు చెప్పాల్సి వచ్చింది. 1665లో పారిస్‌లో స్టెనో అనే శరీరశాస్త్రవేత్త మెదడును కోసి, ఆ గ్రంథి చుట్టుపక్కల భాగాలకు అతుక్కుని ఉందని, డేకార్ట్ చెప్పినట్టు వంగలేదని చూపాడు. అది తనంతట కదలలేదన్న అభ్యంతరం గాలెన్ పుస్తకంలోనే ఉంది.

మూడోది నాకు అన్నిటికంటే ముచ్చటైనది. డచ్చివాడైన స్వామర్‌డామ్ కప్ప తొడ కండరాన్ని నరంతో సహా గాజుగొట్టంలో పెట్టి, గొట్టం సన్నటి కొనలో ఒక నీటిచుక్క నిలిపాడు. సన్నటి తీగతో నరాన్ని లాగితే కండరం ముడుచుకుంది. ద్రవం వచ్చి ఉబ్బించి ఉంటే చుక్క పైకి జరగాలి. జరగలేదు. గొట్టాల్లో పారే ద్రవం కథ అక్కడితో ముగియాల్సింది, కానీ ఆ రాత ఆయన చనిపోయిన యాభై ఏళ్లకు పైగా గడిచాక, 1737-38లో గానీ అచ్చు కాలేదు. నరాల్లో పనిచేసేది విద్యుత్తన్న వాదన 1791లో గాల్వానీతో మొదలైంది, అదీ కప్ప కాళ్లతోనే.

ఆక్స్‌ఫర్డ్‌లో థామస్ విల్లిస్ మెదడును పుర్రెలో ఉంచి పైనుంచి ముక్కలు కోయకుండా, మొత్తంగా బయటికి తీసి తిరగేసి అడుగు నుంచి చూశాడు. 1664లో వచ్చిన ఆయన పుస్తకంలో గదులు వట్టి ఖాళీలు, పని చేసేది మెదడు గుజ్జే. జంతువులకూ ఉండే దేహాత్మను ఆ గుజ్జుకు అప్పగించి, మనిషికి మాత్రం చావులేని ఆత్మను వేరుగా అట్టేపెట్టాడు.

19వ శతాబ్దంలో మళ్లీ కప్పే గొడవ తెచ్చింది. 1853లో జర్మన్ శాస్త్రవేత్త ప్ఫ్లూగర్ తల తీసేసిన కప్ప పక్క మీద ఆమ్లం చుక్క వేస్తే, అదే పక్క కాలితో తుడుచుకుంది. ఆ కాలు కోసేస్తే, మొండికాలితో కాసేపు ప్రయత్నించి, రెండో కాలితో తుడుచుకుంది. ఒక దారి మూసుకుంటే ఇంకో దారి వెతికేది యంత్రం కాదు, వెన్నుపాములోనూ స్పృహ ఉందన్నాడాయన. తల ఉన్నప్పుడు అలవాటైన యంత్రాంగమే అదని తత్వవేత్త లోట్సే తిప్పికొట్టాడు. 1869లో గోల్ట్స్ మెదడు తీసిన కప్పను నీళ్లలో పెట్టి మెల్లగా వేడిచేస్తే అది కదలకుండా చచ్చిపోయింది. మామూలు కప్ప బయటికి దూకేందుకు చూసింది. వాట్సాప్‌లో తిరిగే ఉడికే కప్ప నీతికథకు మూలాల్లో ఇదొకటి. నీళ్లలో కూర్చుండిపోయిన కప్పకు మెదడు లేదన్న ముక్క మాత్రం ఎవరూ చెప్పరు.

ఈ కప్పల్నే చూసి ఇంగ్లిష్ జీవశాస్త్రవేత్త టి.హెచ్. హక్స్‌లీ 1874లో ఒక పోలిక చెప్పాడు: స్పృహ రైలింజను కూత లాంటిది, ఇంజను పనితో పాటు వస్తుంది గానీ బండిని లాగదు. దీని పక్కన పాయాసికి కుమార కస్సపుడనే భిక్షువు ఇచ్చిన జవాబు పెట్టి చూడాలి. ఒకడు శంఖం ఊదాడు. అప్పటిదాకా శంఖం ఎరగని ఊరివాళ్లు దాన్ని పట్టుకుని ‘మాట్లాడవే శంఖమా’ అంటూ బోర్లించారు, వెల్లకిలా పెట్టారు, కర్రతో కొట్టారు. ఊదేవాడూ ఊపిరీ కూడితే తప్ప శంఖానికి మోత లేదు. హక్స్‌లీది కూత, కస్సపుడిది మోత. కూతకు ఇంజను చాలు, మోతకు ఊదేవాడు కావాలి. కోసి చూస్తే రెండు పోలికలకూ ఒకే దృశ్యం కనిపిస్తుంది: పరికరం చెడితే చప్పుడు ఆగుతుంది. మెదడు దెబ్బతింటే మాట పోయిందని చూపించి ‘చూశారా, ఆత్మ లేదు’ అనేవారూ, ‘చూశారా, వీణ తెగింది గానీ వైణికుడు ఉన్నాడు’ అనేవారూ ఒకే సాక్ష్యాన్ని వాడుకుంటున్నారు.

అంతకు చాలా ముందే, 1796లో సోమ్మెరింగ్ అనే శరీరశాస్త్రవేత్త, నరాలన్నీ గదుల గోడల దాకా వస్తున్నాయి కాబట్టి గదుల్లోని ద్రవమే ఆత్మ స్థానమని పుస్తకం రాసి తత్వవేత్త కాంట్‌కు అంకితమిచ్చాడు. కాంట్ మర్యాదగానే చివరి మాట రాసిచ్చాడు, అందులోనే కాళ్ల కింద నేల లాగేశాడు. ఆత్మ తనను తాను లోపలినుంచి మాత్రమే ఎరుగుతుంది, చోటు అనేది బయటినుంచి చూసేవాటికి. తనకు చోటు చూపమంటే తన బయట నిలబడి తనను చూడమన్నట్టే.

ఇవన్నీ పాతబడిన కబుర్లనిపిస్తే, మన ఐసీయూల దగ్గర నిలబడితే చాలు. గుండెను పూర్తిగా బయటికి తీసినా కాసేపు కొట్టుకుంటుందని గాలెన్ కాలానికే తెలుసు. తాళం దాని సొంతం, మెదడు ఆజ్ఞ అక్కర్లేదు. అందువల్ల మెదడు అడుగున ఉండి ఊపిరిని నడిపే మెదడు కాండం శాశ్వతంగా చచ్చిపోయినా, వెంటిలేటర్ ఊపిరి అందిస్తున్నంతసేపు గుండె ఆడుతుంది, ఒళ్లు వెచ్చగా ఉంటుంది. 1968లో హార్వర్డ్ కమిటీ ఇలాంటి స్థితిని మరణంగా ఎంచాలని చెప్పింది. మన దేశంలో 1994 నాటి అవయవ మార్పిడి చట్టం దాన్ని మరణంగా గుర్తించింది. రెండు తెలుగు రాష్ట్రాల్లో జీవన్‌దాన్ కింద అవయవాలు తీసుకునేదీ అలా ఎంచడం వల్లే. ‘గుండె కొట్టుకుంటుంటే పోయాడంటారేంటి’ అని బంధువులు అడిగితే అది అజ్ఞానం కాదు. డాక్టరు మెదడు కాండం గురించి చెబుతున్నాడు, తల్లి ప్రాణం గురించి అడుగుతోంది, పక్కనున్న పెద్దాయన జీవుడు వెళ్లాడా అని చూస్తున్నాడు.

చట్టం ప్రకారం నలుగురు డాక్టర్ల బృందం పరీక్షించాలి, కనీసం 6 గంటల ఎడంతో రెండుసార్లు. కంటిపాపకు వెలుగు తగిలితే ముడుచుకుంటుందా, గొంతులో గొట్టం కదిపితే దగ్గు వస్తుందా, ఒక్కొక్కటీ చూస్తారు. చివరిది ఊపిరి పరీక్ష. ముందు బాగా ఆక్సిజన్ ఇచ్చి, వెంటిలేటర్ విడదీసి, సన్న గొట్టంతో ఆక్సిజన్ మాత్రం అందిస్తూ, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పీడనం 60 మిల్లీమీటర్ల పాదరసం దాటేదాకా ఆగుతారు. మెదడు కాండంలో ఏ కాస్త ప్రాణమున్నా ఆ స్థాయిలో ఊపిరి లాగకుండా ఉండలేదు. మామూలుగా 8 నుంచి 10 నిమిషాలు. అంతసేపూ మంచం చుట్టూ ఉన్నవాళ్ల చూపు రొమ్ము మీదే, అది ఒక్కసారైనా లేస్తుందేమోనని.